పచ్చని కన్ను ఏమి చెప్పుచున్నది?

ఇల్లందు పట్టణమునకు బొగ్గుట్ట యను పేరు కూడ కలదు. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఈ ప్రాంతమున నేలబొగ్గు కలదని కనుగొనెను. 1889లో ఇచ్చట తవ్వకము సాగెను. నేలమీద నిలువబడి చూచువానికి లోపలి బొగ్గు పొర ఎంత మందమో, ఎంత లోతున నున్నదో తెలియదు. బోరు వేసి, లోపలి నమూనా పైకి తీసి చూచిన పిమ్మటనే లెక్క తేలును. మన శరీరములోని కాలేయము సంగతియు ఇట్లే యున్నది. అది చాలవరకు చెడిపోవునంతవరకు బయటికి ఏ గుర్తును చూపకపోవచ్చును. చూపిన గుర్తునైనను పలువురు పొరపాటుగా గ్రహించుచున్నారు.

గత వానకాలములో ఇల్లందు మండలములోని ఒక గ్రామ పంచాయతీ కార్యాలయమున ఆరోగ్య విషయములపై మాటలాడ బోయితిమి. ఏ.ఎన్.ఎమ్., ఆశా కార్యకర్త, పదిమంది సభ్యులు కూర్చుండి యుండిరి. మేము కామెర్ల ప్రసక్తి తెచ్చినంతనే ఒక వార్డు సభ్యుడు లేచి, "సారూ, కామెర్లొచ్చినోనికి మూడు పొద్దులు ఆకు పసరు పోస్తే తగ్గుతది గదా. మా తాతల కాలం నుంచి చూస్తున్నం. ఇగ రక్తం తీసుడెందుకు?" అని యడిగెను. కొందరు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఆయన అడిగిన దానిలో సగము సత్యమున్నది. ఆ సగమును ఒప్పుకొనకుండ మిగిలిన సగమును చెప్పినచో ఎవ్వరును వినరు. ఆ దినమున తొందరలో చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. కావున ఇచ్చట సావకాశముగ చెప్పుచున్నాము.

ముందుగా కాలేయము చేయు పని యేమో చూతము. కుడి ప్రక్కటెముకల క్రింద, పొట్టకు పైభాగమున నుండు ఈ అవయవము పెద్దవారిలో సుమారు కిలోన్నర తూగును. మనము తినిన అన్నములోని సారము, త్రాగిన కల్లు, మ్రింగిన మాత్ర, ప్రేగులనుండి రక్తములో కలసినదెల్ల మొదట చేరునది ఈ కాలేయమునకే. అది చక్కెరను నిలువచేసి, ఆకలివేళ విడుదల చేయును. విషపదార్థములను విరిచి బయటికి పంపును. రక్తము గడ్డకట్టుటకు కావలసిన పదార్థములలో పెక్కింటిని, రక్తములోని నీటిని నాళములలో నిలిపి యుంచు ఆల్బుమిన్ అను మాంసకృత్తును తయారుచేయును. క్రొవ్వును అరిగించుటకు పైత్యరసమును ఊరించును. గ్రామములో ధాన్యపు కొట్టు, రేషను దుకాణము, పారిశుద్ధ్యపు పని, మందుల అంగడి ఒకే ఇంటివారు నడుపుచున్నట్లు ఊహించిన చాలును. ఆ ఇంటికి మరియొక గుణము కూడ కలదు. సగమునకు మించి కోసివేసినను మిగిలిన భాగము పెరిగి పూర్వపు పరిమాణమునకు రాగలదు. తండ్రి కాలేయములో కొంత భాగమును బిడ్డకు అమర్చు శస్త్రచికిత్స ఈ గుణముపైననే ఆధారపడి యున్నది.

ఇక పచ్చదనము. మన ఎర్ర రక్తకణములు సుమారు 120 దినములు జీవించి నశించును. వాటినుండి బిలిరుబిన్ అను పసుపుపచ్చని పదార్థము పుట్టును. కాలేయము దానిని నీటిలో కరుగునట్లు మార్చి, పైత్యరసములో కలిపి, ప్రేగులలోనికి విడుచును. మలమునకు రంగు దానివలననే వచ్చుచున్నది. ఈ దారిలో మూడు చోట్ల అడ్డు రావచ్చును. కాలేయమునకు ముందే రక్తకణములు మితిమీరి పగులవచ్చును. కాలేయమే వాచి పని మానవచ్చును. లేక కాలేయము తన పని చక్కగ చేసినను పైత్యనాళము మూసికొని పోవచ్చును. మూడింటిలోను కన్ను పచ్చబడును. కన్ను పచ్చబడినదనగా ఈ దారిలో ఎక్కడనో అడ్డు కలదని మాత్రమే అర్థము. ఎక్కడనో కన్ను చెప్పదు. కామెర్లు ఒక రోగము కావు, పలు రోగములకు ఒక గుర్తు.

ఈ భేదము మన మన్యమునకు మరింత అవసరము. భద్రాచలము, ఇల్లందు అడవి ప్రాంతములలో మలేరియా చిరకాలముగ నున్నది. ప్రాణాంతకమగు ఫాల్సిపారమ్ మలేరియాలో రక్తకణములు పగిలి, కాలేయమును దెబ్బతిని, కన్ను పచ్చబడవచ్చును. అట్టివానికి కావలసినది మలేరియా మందు, అదియు ఆ దినముననే. అట్లే గిరిజన కుటుంబములలో కొడవలి కణ రక్తహీనత కనిపించుచున్నది. ఆ బిడ్డల కన్నులు మాటిమాటికి పచ్చబడుచుండును. కీళ్ళనొప్పులు, ఆయాసము ఉండును. మూలము కాలేయము కాదు, రక్తము. ఆ వ్యాధి నిర్మూలనకై 2023 జూలై 1న జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. ఇట్టి బిడ్డకు ఏటేట పసరు పోయించుచు, అసలు రోగము పేరైనను తెలియక పెంచుచున్న ఇండ్లున్నవి.

ఇప్పుడు వార్డు సభ్యుని ప్రశ్నకు వత్తము. వానకాలమున ఊరిలో వచ్చు కామెర్లలో అధికభాగము నీటివలన వచ్చునవి. హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ అను క్రిములు రోగి మలమునుండి త్రాగునీటిలో చేరి, ఇంకొకరి కాలేయమునకు వాపు కలిగించును. ఈ రెండు రోగములును అత్యధికులలో కొన్ని వారములకు తమంతట తామే తగ్గిపోవును. పసరు త్రాగిన వానికిని తగ్గును, త్రాగని వానికిని తగ్గును. త్రాగినవాడు పసరువలన తగ్గినదని పదిమందికి చెప్పును. త్రాగనివాడు ఎవరికిని ఏమియు చెప్పడు. పసరు పేరు ఈ విధముగ నిలిచినది.

మూలికలన్నియు వ్యర్థములని మేము చెప్పబోవుట లేదు. నేల ఉసిరిక మొక్కను మద్రాసులోని పరిశోధకులు హెపటైటిస్ బి రోగులపై పరీక్షించి, 1988లో ఆశాజనకమైన ఫలితములను ప్రకటించిరి. హెపటైటిస్ బి క్రిమిని కనుగొని నోబెల్ బహుమానము పొందిన బ్లూమ్‌బర్గు కూడ ఆ పరిశోధనలో పాల్గొనెను. తరువాత ఇతర చోట్ల జరిపిన పరీక్షలలో ఆ ఫలితము స్థిరపడలేదు. శాస్త్రము మూలికను చులకన చేయలేదు. తూచి చూచినది, తూకము సరిపోలేదు. పేరు తెలియని ఆకులు కొన్ని కాలేయమునకే హాని చేయగలవను సంగతియు మరువరాదు. కంటిలో పసరు పిండుటవలన చూపు చెడును. వాతలవలన పుండు మిగులును. పప్పు, నూనె, ఉప్పు మాన్పించి పలుచని మజ్జిగ అన్నముతో నెలదినములు ఉంచు పథ్యము రోగిని మరింత క్షీణింపజేయును. వాంతి లేనప్పుడు రోగి ఇష్టపడినంత ఆహారము పెట్టవలెను. పప్పు, గ్రుడ్డు వంటివి సాధారణముగ మాన్పనక్కరలేదు.

పసరులోని అసలు నష్టము వేరొకటి. నీటి కామెర్లు కాని రోగి కూడ ఆ మూడు పొద్దుల వరుసలో నిలుచుండును. వాని విషయములో మూడు పొద్దులు మూడు వారములగును.

పరీక్షలను గూర్చి కొంత విపుల చర్చ చేయుదుము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తము తీసి పంపినపుడు వచ్చు కాగితముపై ఆరేడు అంకెలుండును. వాటిని గుంపుగ కాలేయపు పనితీరు పరీక్షలందురు. ఆ పేరే కొంత తప్పుత్రోవ పట్టించునది. ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అనునవి కాలేయపు కణములలోపల నుండు పదార్థములు. కణము దెబ్బతినినపుడు అవి రక్తములోనికి కారును. కావున అవి దెబ్బను తెలుపునే గాని పనిని తెలుపవు. ఇల్లు తగులబడునపుడు లేచు పొగ వంటివి. పొగనుబట్టి ఎన్ని గదులు మిగిలినవో చెప్పలేము. పనిని తెలుపునవి బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తము గడ్డకట్టు కాలము. ఈ మూడవదానిని ప్రోత్రాంబిన్ కాలమనియు, దాని నిష్పత్తిని ఐ.ఎన్.ఆర్. అనియు వ్రాయుదురు. మామూలు మనిషిలో ఐ.ఎన్.ఆర్. సుమారు 1 ఉండును. బిలిరుబిన్ డెసిలీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము లోపల నుండును. అది రెండున్నర, మూడు దాటినగాని కన్ను స్పష్టముగ పచ్చబడదు. ఆల్బుమిన్ మూడున్నర గ్రాములకు పైన నుండవలెను.

ఇద్దరిని ఊహింపుడు. ఒకడు ఇరువదియేండ్ల యువకుడు. పది దినములనుండి జ్వరము, వాంతులు, పచ్చని కన్నులు. కాగితముపై ఎస్.జి.పి.టి. 1500. మామూలు హద్దు 40 దరిదాపు కావున ఇంటివారు గుండెలు బాదుకొనిరి. కాని వాని ఐ.ఎన్.ఆర్. 1.1, ఆల్బుమిన్ 4. మనిషి తెలివిగ మాటలాడుచున్నాడు. రెండవవాడు నలుబదియైదేండ్లవాడు, పదునైదేండ్లుగ త్రాగుచున్నవాడు. ఎస్.జి.పి.టి. 45. పెద్దగ పెరుగలేదని చూచి ఇంటివారు సంతోషించిరి. కాని బిలిరుబిన్ 3, ఆల్బుమిన్ 2.4, ఐ.ఎన్.ఆర్. 2, పొట్టనిండ నీరు. మొదటివాడు బహుశః నెలదినములలో పొలము పనికి పోవును. రెండవవాని కాలేయము గట్టిపడి ముడుతలు పడిన సిర్రోసిస్ అను స్థితిలో నున్నది. దెబ్బతినుటకు మిగిలిన కణములే తక్కువగుటచేత ఎస్.జి.పి.టి. పెరుగలేదు. పెద్ద అంకెను చూచి భయపడి, చిన్న అంకెను చూచి ధైర్యపడుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియగలదు.

రెండవవాని వంటి రోగుల స్థితిని కొలుచుటకు వైద్యులు ఒక మార్కుల పద్ధతి నేర్పరచుకొనిరి. 1964లో ఛైల్డు, టర్కాట్ అను వైద్యులు దీనిని ఆరంభింపగా, 1973లో ప్యూ అను వైద్యుడు సవరించెను. బిలిరుబిన్, ఆల్బుమిన్, గడ్డకట్టు కాలము, పొట్టలో నీరు, మతిభ్రమ అను ఐదింటికి ఒక్కొక్కదానికి ఒకటి మొదలు మూడు మార్కులు. మన పరీక్షలలో మార్కులు పెరిగిన మేలు. ఇందులో పెరిగిన కీడు. 5, 6 వచ్చిన ఎ తరగతి. 7 నుండి 9 వరకు బి. 10 గాని అంతకు మించి గాని వచ్చినచో సి. పైన చెప్పినవానికి మతి స్థిరముగ నున్నను 11 వచ్చినవి. అట్టివానిని ఆలస్యము లేక పెద్దాసుపత్రికి చేర్పవలెను.

రక్తము కాక అల్ట్రాసౌండు పరీక్ష కలదు. కాలేయమున క్రొవ్వు చేరినదా, పైత్యాశయములో రాయి కలదా, నాళము ఉబ్బినదా, పొట్టలో నీరున్నదా యని అది చూపును. కాలేయము ఎంత గట్టిపడినదో కొలుచు ఎలాస్టోగ్రఫీ యంత్రములు పెద్దాసుపత్రులలో నున్నవి. పూర్వము ఇందులకు సూదితో ముక్క తీసి చూచుటయే గతి. ప్రాథమిక కేంద్రములలో తీసిన రక్తమును ఉచితముగ పరీక్షించుటకై 2021 జూన్‌లో రాష్ట్రములో 19 జిల్లా పరీక్షా కేంద్రములు ప్రారంభింపబడినవి. వాటిలో కొత్తగూడెము, ఖమ్మము కూడ నున్నవి. ఇల్లందు ప్రజలు రక్త పరీక్షకై హైదరాబాదు పోవలసిన దినములు గడచిపోయినవి.

సభ్యులు యంత్రములు లేకుండ గమనింపదగినవి కూడ కొన్ని కలవు. పగటి వెలుగులో కంటి తెల్లగ్రుడ్డును చూడవలెను, దీపపు వెలుగులో కాదు. మూత్రము ఆవనూనె రంగులో నుండి, మలము సున్నపు రంగులో నున్నచో, ఒడలు దురద పుట్టుచున్నచో, నాళము మూసికొన్నదేమో యని అనుమానింపవలెను. రోగి పగలు నిద్రించి రాత్రి మేల్కొనుచున్నను, మాట తడబడినను, చాచిన చేతులు రెక్కలవలె కదలినను, చిగుళ్ళనుండి రక్తము కారినను, నల్లని మలము వచ్చినను అది ఆ గంటకే 108 బండిని పిలువవలసిన స్థితి. గర్భవతికి కామెర్లు వచ్చినచో ఏ ఇతర గుర్తు కొరకును వేచియుండరాదు. హెపటైటిస్ ఇ సోకిన చివరి నెలల గర్భవతులలో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పుట్టిన బిడ్డకు మొదటి వారములో కొంత పచ్చదనము సాధారణమే. కాని పుట్టిన 24 గంటలలోనే వచ్చినను, రెండు వారములు దాటినను, మలము తెల్లగ నున్నను బిడ్డను ఆసుపత్రిలో చూపవలెను. పైత్యనాళము మూసికొని పుట్టిన బిడ్డకు శస్త్రచికిత్స రెండు నెలల లోపల జరిగిననే మేలు కలుగును. క్షయకు మందులు మ్రింగుచున్నవానికి కన్ను పచ్చబడినచో ఆ మందులే కారణము కావచ్చును. వెంటనే ఆరోగ్య సిబ్బందికి చెప్పవలెను.

రక్తము ద్వారా వ్యాపించు హెపటైటిస్ బి వేరు జాతి. అది తల్లినుండి బిడ్డకు, ఒకే సూదిని పలువురకు వాడుటవలన, శుద్ధి చేయని పచ్చబొట్టు సూదివలన, మంగలి కత్తివలన, స్త్రీపురుష సంబంధమువలన సోకును. పెద్దవారిలో చాలమందికి పోవును. పుట్టుకతో సోకిన బిడ్డలలో నూటికి 90 మందికి జీవితాంతము నిలుచును. నిలిచినవారు ముప్పది నలుబదియేండ్ల వరకు ఏ బాధయు లేకుండ నుండి, పిమ్మట సిర్రోసిస్, కాలేయపు క్యాన్సరు పాలగుదురు. కన్ను ఎన్నడును పచ్చబడకయే ఇంత జరుగవచ్చును. దీనికి టీకా కలదు. మన దేశమున తయారైన మొదటి జన్యుసాంకేతిక హెపటైటిస్ బి టీకా హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థలో, నెల్లూరు జిల్లావారైన కె. ఐ. వరప్రసాదరెడ్డి గారి పూనికతో 1997లో వెలువడినది. అంతకు ముందు దిగుమతి టీకా ధర సామాన్యునకు అందనిదై యుండెను. నేడు బిడ్డ పుట్టిన 24 గంటలలో ఒక మోతాదు, ఆపై 6, 10, 14 వారములకు ఐదు రోగముల టీకాలో కలిపి ఉచితముగ ఇచ్చుచున్నారు. ఇంటివద్ద ప్రసవమైన బిడ్డకు ఆ మొదటి మోతాదు తప్పిపోవుచున్నది. అడవి గూడెములలో పుట్టుకలను లెక్కించునపుడు సభ్యులు ఈ మాటను కూడ అడుగవచ్చును. హెపటైటిస్ సి రోగమునకు టీకా లేదు గాని, సాధారణముగ పండ్రెండు వారముల మాత్రలతో నూటికి 95 మందికి మించి నయమగుచున్నది. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద బి, సి రోగములకు పరీక్షయు మందులును ఉచితము.

త్రాగుడు సంగతి చెప్పక తప్పదు. ఇప్పపూవు కోయ సోదరుల ఆహారము, ఔషధము, పండుగ. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. గుడుంబా మాత్రమే చెడ్డది, ముద్ర వేసిన సీసా మంచిది అను భ్రమను మాత్రము తొలగింపవలెను. కాలేయమునకు హాని చేయునది మద్యసారము. అది ఏ పాత్రలో నున్నను ఒకటే. మొదట కాలేయములో క్రొవ్వు చేరును. ఆ దశలో మానినచో కొన్ని వారములలో పూర్వస్థితికి రావచ్చును. సిర్రోసిస్ ముదిరిన తరువాత పూర్తిగ వెనుకకు రాదు. అప్పటికైనను మానినవాడు మాననివానికంటె ఎక్కువ కాలము బ్రతుకును. త్రాగనివారు కూడ స్థూలకాయము, మధుమేహములవలన క్రొవ్వు కాలేయము పాలగుచున్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేవనెత్తిన ఉద్యమమువలన 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. షెడ్యూల్డు గ్రామములకు మాత్రము 1996 నాటి పెసా చట్టము ఒక ప్రత్యేకాధికారమును కల్పించినది. మత్తుపదార్థముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకు గాని నియంత్రించుటకు గాని గ్రామసభకు అందులో చోటున్నది. ఇల్లందు ప్రాంతపు సభ్యులు ఎందరు ఈ నిబంధనను చదివియున్నారో మేము అడుగుట మానుకొంటిమి.

తుదకు నీరు. 1955 నవంబరులో ఢిల్లీ నగరమున యమునా నీరు తీసికొను చోటికి మురుగునీరు వెనుదిరిగి వచ్చి కలిసెను. డిసెంబరు, జనవరి నెలలలో 29 వేలకు పైగ జనులకు కామెర్లు వచ్చినవి. తరువాతి పరిశోధనలలో అది హెపటైటిస్ ఇ యని తేలినది. ఆ దినములలో నీటికి క్లోరిన్ కలుపుచునే యుండిరి. కలరా, టైఫాయిడు ప్రబలలేదు, కామెర్లు ప్రబలినవి. బాక్టీరియాను చంపు మోతాదు ఈ క్రిమికి చాలలేదు. భారత ప్రమాణముల సంస్థ నీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండవలెనని చెప్పుచు, వైరసులనుండి రక్షణ కావలసినపుడు 0.5 ఉండవలెనని ప్రత్యేకముగ నిర్దేశించినది.

ఢిల్లీ కథలో మరొక పాఠమున్నది. నవంబరులో నీరు చెడినది, డిసెంబరులో జనులు పడిరి. హెపటైటిస్ ఎ సోకిన రెండు మొదలు ఆరు వారములకు, ఇ సోకిన రెండు మొదలు పది వారములకు కామెర్లు బయటపడును. కావున ఊరిలో ఒకే వారమున నలుగురైదుగురకు కన్నులు పచ్చబడినచో నేటి నీటిని మాత్రమే చూచి ఊరకుండరాదు. నెలక్రితము గొట్టము ఎక్కడ పగిలినది, ఏ కాలువ ప్రక్కనుండి పోవుచున్నది, ఏ వాన తరువాత ట్యాంకు కడుగలేదు అని విచారింపవలెను. ఆ నలుగురి ఇండ్లు ఏ కుళాయి వరుసలో నున్నవో కాగితముపై గీసి చూచినచో పగులు చాలవరకు దొరకును. నిర్మలమైన నీరు వేయి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి చాలును. మడ్డి నీటికి ఎక్కువ కావలెను. పాతబడి గాలి సోకిన పొడిలో పస యుండదు గనుక సంచిపై తేదీ చూడవలెను. పొడి కలిపిన పిమ్మట కనీసము అరగంట ఆగవలెను.

మేము చూచిన పంచాయతీలో క్లోరోస్కోపు పెట్టె బీరువాలో భద్రముగ నుండెను. దానిని తెప్పించి, ట్యాంకు క్రింది కుళాయి నీటిలో మందుచుక్క వేయగా పసుపు రంగు వచ్చినది. కార్యదర్శి సంతోషించెను. తరువాత ఆ వార్డు సభ్యుడే మమ్ములను ఊరి చివరనున్న తన వీధి కుళాయికి తీసికొనిపోయెను. అచ్చట నీటికి రంగు రాలేదు. మధ్యలో గొట్టము కాలువను దాటు చోట తడి యుండెను. మరునాడు అచ్చట త్రవ్వించుటకు తీర్మానము వ్రాసికొనిరి.